ఐదు లక్షలా, పది లక్షలా: ఒడిశా సరిహద్దు తెలుగువారి వైద్యంపై పార్టీల వాదులాట

ఒడిశాలో 2024 జూన్‌లో ప్రభుత్వం మారింది. 24 ఏళ్లు ముఖ్యమంత్రిగా ఉన్న నవీన్ పట్నాయక్ దిగిపోయారు. 147 స్థానాల శాసనసభలో 78 గెలుచుకున్న బీజేపీ, మోహన్ చరణ్ మాఝీని ముఖ్యమంత్రిని చేసింది. కొద్ది కాలానికే నవీన్ తెచ్చిన ఉచిత వైద్య పథకం ‘బిజు స్వాస్థ్య కల్యాణ యోజన’ కాస్తా ‘గోపబంధు జన ఆరోగ్య యోజన’ అయింది. 2025 ఏప్రిల్‌లో కేంద్రం నడిపే ఉచిత వైద్య పథకం ఆయుష్మాన్ భారత్‌ను దానికి జతచేశారు. పేదలకు ఆయుష్మాన్ అందకుండా ఏళ్ల తరబడి అడ్డుపడ్డారని బీజేపీ నిలదీస్తోంది. నడుస్తున్న పథకానికి బోర్డు మార్చి తమ ఘనతగా చాటుకుంటున్నారని నవీన్ పార్టీ బీజేడీ తిప్పికొడుతోంది.

దక్షిణ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం తెలుగువారికి ఈ గొడవ ఒక్కటే వినపడదు. ఓటు వేసేది భువనేశ్వర్ ప్రభుత్వానికి, ఇంట్లో టీవీలో నడిచేది తెలుగు చానెల్. అందులో ఆంధ్ర ఆరోగ్యశ్రీ పరిమితి 25 లక్షలన్న ప్రచారం, బకాయిల కోసం ప్రైవేటు ఆసుపత్రుల సమ్మె, మెడికల్ కాలేజీలు ప్రైవేటుకు అప్పగిస్తున్నారన్న రగడ. బయటికొస్తే ఏడాదికి ఉచిత వైద్యం ఐదు లక్షలా పది లక్షలా అన్న పోస్టర్లు. రెండు రాజధానుల రాజకీయం వాళ్ల నెత్తిన పడుతుంది, రెండింటిలోనూ వాళ్ల ఊసు ఉండదు.

ఇరుపక్షాల విమర్శల్లోనూ కొంత నిజం ఉంది, కొంత పెంచి చెప్పడం ఉంది. వాటిని విడదీసి చూడటం అవసరమే. కానీ అంతకన్నా పెద్ద సంగతిని ఇద్దరూ వదిలేశారు. ఖజానాలో డబ్బున్న రాష్ట్రం తన కొండ జిల్లాలకు డాక్టర్లను, మందులను చేర్చలేకపోయింది. పాత ప్రభుత్వాన్ని నిలదీయాల్సిన చోటు అదే, కొత్త ప్రభుత్వాన్ని కొలవాల్సిన చోటూ అదే.

‘అడ్డుకున్నారు’ అన్న మాటలో నిజమెంత

2018లో ఐదున్నర వారాల తేడాతో రెండు పథకాలు వచ్చాయి. ఆగస్టు 15న నవీన్ బిజు స్వాస్థ్య కల్యాణను ప్రారంభించారు. సెప్టెంబరు 23న రాంచీలో ప్రధాని మోదీ ఆయుష్మాన్‌ను ప్రారంభించారు. కేంద్ర పథకంలో కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు. ఒడిశా పథకంలోనూ 5 లక్షలే, అయితే ఆడవాళ్లకు మొదట 7 లక్షలు, 2021 నుంచి 10 లక్షలు. కేంద్ర పథకం 2011 సామాజిక ఆర్థిక కులగణన జాబితా మీద ఆధారపడింది. ఒడిశా తన రేషన్ కార్డుల జాబితా పట్టుకుని అంతకంటే ఎక్కువ కుటుంబాలను చేర్చుకుంది. 2021లో స్మార్ట్ కార్డులు పంచేనాటికి ఆ లెక్క దాదాపు 96 లక్షల కుటుంబాలకు చేరింది. కాబట్టి ఎంతమందికి, ఎంత మొత్తం అన్న ప్రశ్నల దగ్గర బీజేపీ విమర్శ నిలబడదు. ఆయుష్మాన్ లేకపోయినంత మాత్రాన ఒడిశా పేదలు వట్టి చేతులతో లేరు.

ఆ విమర్శ గట్టిగా నిలబడే చోటు మరొకటుంది. బిజు కార్డు ప్రధానంగా ఒడిశా లోపలి ఆసుపత్రుల్లో పనిచేసేది. తర్వాతి రోజుల్లో బయటి రాష్ట్రాల్లో ఎంపిక చేసిన కొన్ని ఆసుపత్రులను కలిపినా ఆ జాబితా చిన్నది. గంజాం జిల్లా నుంచి వేల కుటుంబాలు సూరత్ మరమగ్గాల మీద బతుకుతున్నాయి. గోపాలపురం తీరంలోని తెలుగు నోలియా మత్స్యకారులు చేపల పని కోసం ఒడ్డు వెంట ఏ రేవుకైనా పోతారు. ఒంట్లో బాగోలేనప్పుడు మనిషి పని చేసే ఊళ్లో ఉంటాడు, కార్డు చెల్లే ఆసుపత్రి సొంతూళ్లో ఉంటుంది. ఆయుష్మాన్‌లో ఈ ఇబ్బంది లేదు. దేశంలో ఎక్కడైనా జాబితాలో ఉన్న ఆసుపత్రికి వెళ్లవచ్చు. ఈ ఒక్క సౌకర్యం కోసమైనా రెండు పథకాలను కలపవచ్చన్న వాదనను నవీన్ ప్రభుత్వం పంతంతో పక్కన పెట్టింది. రాజకీయ లాభనష్టాల లెక్కలో నష్టపోయింది వలస కూలీ.

బీజేడీ విమర్శకు వస్తే, పేరు మార్చారన్నది కళ్లెదుట కనబడే నిజం. ఆడవాళ్లకు అదనంగా 5 లక్షలన్న పాత ఏర్పాటును కొత్త పథకంలోనూ ఉంచారు. అంటే అసలు రూపం నవీన్ కాలానిదే. ఆయుష్మాన్ ఖర్చులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం అంటారు గానీ, అది కేంద్రం తన లెక్కలో ఒప్పుకున్న కుటుంబాలకు మాత్రమే. ఆ లెక్కలోకి రాని కుటుంబాల ఖర్చు, ఆడవాళ్ల అదనపు మొత్తం రాష్ట్రమే మోయాలి. ఇంత నిజమూ చెప్పాక, దేశమంతా చెల్లే కార్డు రావడం మంచిదేనన్న ఒక్క ముక్కను బీజేడీ ఒప్పుకోదు. పొరుగు రాష్ట్రపు ఆసుపత్రి గుమ్మం తొక్కే సరిహద్దు జిల్లాలకు అన్నిటికన్నా ముఖ్యమైన మార్పు అదే.

పరిమితి గొప్పలు

ఐదు, పది, ఇరవై ఐదు లక్షలు. ఎన్నికల వేదికల మీద ఈ అంకెలకు ఉన్న గిరాకీ మరి దేనికీ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో జగన్ ప్రభుత్వం 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని 25 లక్షలకు పెంచింది. తెలంగాణలో కొత్తగా వచ్చిన కాంగ్రెస్ ప్రభుత్వం అదే నెలలో 10 లక్షలు చేసింది. మహారాష్ట్ర అదే ఏడాది మహాత్మా ఫులే ఆరోగ్య పథకాన్ని లక్షన్నర నుంచి 5 లక్షలకు తీసుకెళ్లింది.

ఈ పోటీలో దాగిపోయిన లెక్క ఒకటుంది. కేంద్రం 2024 మధ్యలో ఇచ్చిన వివరం ప్రకారం, ఆయుష్మాన్ కింద అప్పటికి 7.37 కోట్ల సార్లు రోగులు ఆసుపత్రుల్లో చేరారు. అందుకు మంజూరైన మొత్తం లక్ష కోట్ల రూపాయలకు పైచిలుకు. భాగించి చూస్తే ఒక్కో చేరికకు సగటున 13,500 రూపాయల దాకా వస్తుంది. కాన్సర్, గుండె, అవయవ మార్పిడి వంటి కేసుల్లో బిల్లు లక్షలు దాటుతుంది, ఆ కుటుంబాలకు పరిమితి ప్రాణం పోసే అంకే. వాళ్ల కోసం పరిమితి పెంచడం తప్పు కాదు. కానీ వందలో ఎక్కువ మందికి 5 లక్షలకూ 25 లక్షలకూ తేడా తెలిసే సందర్భమే రాదు. పార్టీలు దాన్ని పాలనకే కొలబద్దగా నిలబెట్టడానికి కారణం సులువుగానే ఊహించవచ్చు. పరిమితి పెంచడానికి ఒక జీవో చాలు. ఖాళీగా ఉన్న, ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టరు పోస్టు నింపడానికి ఏళ్లు పడుతుంది.

పరిమితి ఎంతున్నా ఆసుపత్రికి డబ్బు అందకపోతే కార్డు పనిచేయదు. 2025 జనవరిలో తెలంగాణలో, అదే ఏడాది అక్టోబరులో ఆంధ్రలో ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు బకాయిల కోసం సేవలు ఆపేశాయి. ఒకచోట అధికారంలో ఉన్నది కాంగ్రెస్, మరోచోట తెలుగుదేశం కూటమి. ప్రతిపక్షం ప్రతిచోటా ఇదే విమర్శ చేస్తుంది, అధికారంలోకి రాగానే ఇదే విమర్శకు గురవుతుంది. బకాయిలు ఎందుకు పేరుకుంటాయో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ఈ పథకాల్లో ఒక్కో చికిత్సకు ముందే ధర కడతారు. ఆసుపత్రి అనుమతి తీసుకుని చికిత్స చేసి, తర్వాత బిల్లు పెట్టుకుంటుంది. బడ్జెట్లో పెట్టిన మొత్తం కంటే బిల్లులు ఎక్కువైతే, లేదా ఖజానా నుంచి విడుదల ఆలస్యమైతే, ఆ భారం ఆసుపత్రి మీద నిలుస్తుంది. ఆసుపత్రి దాన్ని రోగి మీదకు తోస్తుంది. మంచం ఖాళీ లేదంటుంది, ‘ఆ టెస్టు కార్డులో రాదు, బయట చేయించుకోండి’ అంటుంది.

పొరుగు రాష్ట్రం కార్డుతో వచ్చిన రోగి విషయంలో ఈ తంతు ఇంకా పొడుగు. విశాఖ ఆసుపత్రికి రాయగడ రోగి వెళితే చివరికి సొమ్ము కట్టాల్సింది ఒడిశా. రెండు ప్రభుత్వ సంస్థల మధ్య అనుమతి, తనిఖీ, చెల్లింపు నడవాలి. ఆ గొలుసులో ఎక్కడ ఆలస్యమైనా ఆసుపత్రి మరుసటి రోగిని చేర్చుకోవడానికి వెనకాడుతుంది. ‘ఇప్పుడు దేశమంతా చెల్లుతుంది’ అని ప్రకటించే ప్రభుత్వం, ఆంధ్ర ఆసుపత్రుల నుంచి వచ్చిన బిల్లులు సగటున ఎన్ని రోజుల్లో తీరుస్తోందో కూడా జిల్లాల వారీగా ప్రకటించాలి. ప్రతిపక్షంగా బీజేడీ అడగాల్సిన మొదటి ప్రశ్న అది. బోర్డు మీద పేరు గురించి అడిగినంత గట్టిగా దాన్ని అడగడం లేదు.

తొమ్మిదులు పదిసార్లు

పార్టీల విమర్శ ఎలా నడుస్తుందో చూపించే ఉదాహరణ ఒకటి దేశం మొత్తానికీ గుర్తుండిపోయింది. 2023 ఆగస్టులో, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదిక పార్లమెంటు ముందుకు వచ్చింది. ఆయుష్మాన్ జాబితాలో దాదాపు ఏడున్నర లక్షల మంది ఒకే సెల్ నంబరుతో ఉన్నారని తేల్చింది. ఆ నంబరు పది తొమ్మిదులు. ప్రతిపక్షాలు దీన్ని భారీ కుంభకోణంగా చిత్రించాయి. లబ్ధిదారును గుర్తించడానికి సెల్ నంబరు వాడరని, అది ఉత్త సమాచారం కోసమేనని కేంద్రం జవాబిచ్చింది. ఇద్దరి మాటా పూర్తి నిజం కాదు. ఒకే నంబరు ఉన్నంత మాత్రాన ఏడున్నర లక్షల దొంగ చికిత్సలు జరిగినట్టు కాదు. అయితే నంబరు లేని రోగికి తన పేరిట ఎంత బిల్లు పెట్టారో చెప్పే సందేశం చేరదు, ఆసుపత్రి పెంచి రాస్తే అతనికి తెలిసే దారి లేదు. ఆ రెండో సంగతి మన్యంలో కార్డు పట్టుకున్న మనిషికి నేరుగా తగులుతుంది. టీవీ చర్చల్లో మాత్రం ‘కుంభకోణం’, ‘అబద్ధపు ప్రచారం’ అన్న రెండు మాటల మధ్యే వారం గడిచిపోయింది.

జేబులోంచి పోయేది

జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం, 2021-22లో దేశంలో వైద్యానికి అయిన మొత్తం ఖర్చులో 39.4 శాతం జనం తమ జేబులోంచే పెట్టుకున్నారు. 2013-14లో అది 64.2 శాతం. తగ్గడం మంచిదే. దాన్ని బీజేపీ తన పాలన ఫలితంగా చెప్పుకుంటుంది. అందులో రాష్ట్రాలు సొంతంగా నడిపిన పథకాల పాలు చిన్నదేమీ కాదు. మిగిలిన ఆ 39 శాతంలో పెద్ద భాగం మందులకు, ఓపీకి, పరీక్షలకు పోయేదే. ఆయుష్మాన్ ఆసుపత్రిలో చేరిన రోగికే వర్తిస్తుంది. చేరడానికి ముందు మూడు రోజులు, ఇంటికెళ్లాక పదిహేను రోజులు మందులూ పరీక్షలూ అందులో వస్తాయి. పదహారో రోజు నుంచి రోగి సొంత ఖర్చు.

సరిహద్దులో బీపీ, షుగరు, కిడ్నీ జబ్బులున్న ఇళ్లను తలచుకుంటే ఈ పదిహేను రోజుల గడువు ఎంత పొట్టిదో తెలుస్తుంది. గంజాం జిల్లాను ఆనుకునే ఉద్దానం ఉంది. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, పలాస ప్రాంతాల్లో దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు జనాన్ని కబళిస్తోంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది. డయాలసిస్ చేయించుకునే రోగులకు ఆంధ్ర ప్రభుత్వం నెలకు 10 వేల పింఛను ఇస్తోంది. అదే యాస మాట్లాడే, అదే నేల మీద బతికే మనిషి ఒడిశా హద్దులో ఉంటే ఈ పింఛను రాదు. అతను ఒడిశా నివాసి కనుక రాకపోవడం చట్టప్రకారం సరైనదే. మరి ఒడిశా తన వైపు నుంచి ఏమిస్తోంది, అతను వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు పోయిరావడానికి బస్సు చార్జీ ఎవరు భరిస్తారు అన్నవి భువనేశ్వర్ రాజకీయంలో వినపడని ప్రశ్నలు.

మందుల విషయంలో ఒడిశాకు మంచి పునాది ఉంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచిత మందుల కోసం 2015లో ‘నిరామయ’ పథకం తెచ్చారు. పరీక్షల కోసం ‘నిదాన్’ వచ్చింది. బీజేడీ తన పాలనలో చేసిన పనుల్లో నిజంగా గర్వపడదగ్గవి ఇవి. పార్టీ మాత్రం వీటికంటే స్మార్ట్ కార్డునే ఎక్కువ ఊరేగించింది. కార్డు మీద ముఖ్యమంత్రి బొమ్మ వేయవచ్చు, బీపీ మాత్రల మీద వేయలేరు. కొత్త ప్రభుత్వం కూడా ఆయుష్మాన్ కార్డుల పంపిణీని మోగించినంతగా, ఏ పీహెచ్‌సీలో ఏ మందు ఎన్ని రోజులు లేకుండా పోయిందో చెప్పడం లేదు.

డబ్బున్న ఖజానా

ఆర్థిక విధానాల మీద జరిగే వాదనను వైద్యంతో కలిపి చూస్తే గానీ అసలు బొమ్మ కనబడదు. 2025 జనవరిలో నీతి ఆయోగ్ రాష్ట్రాల ఆర్థిక ఆరోగ్య సూచీని ప్రకటించింది. 18 పెద్ద రాష్ట్రాల్లో ఒడిశా 67.8 మార్కులతో మొదటి స్థానంలో నిలిచింది. ఆంధ్రప్రదేశ్‌ది 17వ స్థానం. లెక్కలు 2022-23 నాటివి, అంటే నవీన్ పాలనవి, జగన్ పాలనవి. బీజేడీకి ఇది కేంద్రం చేతి నుంచే అందిన ప్రశంసాపత్రం. ఆంధ్రలో తెలుగుదేశానికి ఇది వైసీపీ మీద దొరికిన ఆయుధం. గనుల రాబడి బలంతో, అప్పులు పెంచుకోకుండా ఒడిశా 2005-06 నుంచి రెవెన్యూ మిగులుతో నడుస్తూ వచ్చిన మాట నిజం.

ఇప్పుడు ఈ పక్కన మరో లెక్క పెట్టాలి. 2019-21లో లక్ష ప్రసవాలకు తల్లుల మరణాలు ఒడిశాలో 135, ఆంధ్రలో 46, తెలంగాణలో 45, మహారాష్ట్రలో 38. దేశ సగటు 93. ఖజానాలో మొదటి స్థానం ఉన్న రాష్ట్రంలో, చివరి నుంచి రెండో స్థానంలో ఉన్న పొరుగు రాష్ట్రం కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువ మంది తల్లులు ప్రసవంలో చనిపోతున్నారు.

ఈ అంకెలను పార్టీలు ఎలా వాడుకుంటాయో చూడాలి. 2004-06లో ఒడిశా లెక్క 303. అక్కడి నుంచి 135కి తగ్గించామని బీజేడీ చెబుతుంది, అది నిజం. దేశ సగటు కంటే ఇంకా చాలా ఎక్కువగా వదిలివెళ్లారని బీజేపీ అంటుంది, అదీ నిజం. 2018-20లో 119గా ఉన్నది మళ్లీ 135కి పెరగడాన్ని కూడా చూపిస్తారు. ఆ ఏడాదుల్లో కోవిడ్ ఉంది, ఇవి నమూనా సర్వే లెక్కలు, కాబట్టి ఒక్క ఏడాది ఎగుడుదిగుడును పట్టుకుని తీర్పు చెప్పకూడదు. ఎక్కడ మొదలుపెట్టి లెక్కించాలో ఎంచుకుంటే ఎవరికి కావాల్సిన కథ వాళ్లకు దొరుకుతుంది. ఏ వైపు నుంచి లెక్కించినా పొరుగు రాష్ట్రంతో ఉన్న దూరం మాత్రం అలాగే ఉంటుంది.

కొండలు, అడవులు, చెదురుమదురు పల్లెలు, ఆలస్యంగా వచ్చిన రోడ్లు ఒడిశాకు నిజంగానే ఇబ్బంది. ఆంధ్రకు ముందు నుంచీ మెడికల్ కాలేజీలు, ప్రైవేటు ఆసుపత్రులు ఎక్కువ. అయినా ఇరవై ఏళ్ల మిగులు బడ్జెట్లు చేతిలో ఉన్న ప్రభుత్వానికి ఈ ఇబ్బందులు పూర్తి సాకు కాలేవు. బరంపురంలోని ఎంకేసీజీ మెడికల్ కాలేజీ 1962 నాటిది. దక్షిణ ఒడిశాకు దశాబ్దాల పాటు అదొక్కటే దిక్కు. కొరాపుట్‌లో షహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ మొదలైంది 2017లో. మధ్యలో గడిచినవి 55 ఏళ్లు. అందులో కాంగ్రెస్, జనతాదళ్, బీజేడీ, బీజేపీ కలిసి నడిపిన సంకీర్ణం అన్నీ ఉన్నాయి. 2000 నుంచి 2009 వరకు బీజేపీ కూడా ఆ ప్రభుత్వంలో భాగస్వామే అన్న సంగతి నేటి బీజేపీ విమర్శల్లో కనబడదు.

రాయగడ, కొరాపుట్‌లలో బాక్సైట్ తవ్వకాలున్నాయి. 2015 చట్ట సవరణతో ప్రతి గనుల జిల్లాకూ జిల్లా ఖనిజ నిధి వచ్చింది. ఆ నిధిలో కనీసం 60 శాతం తాగునీరు, వైద్యం, చదువు వంటి ముఖ్యమైన పనులకే వాడాలని కేంద్రం అప్పుడే నిబంధన పెట్టింది. స్పెషలిస్టుకు అదనపు జీతమిచ్చి కొండ జిల్లాలో నిలబెట్టడానికి ఇంతకంటే న్యాయమైన డబ్బు లేదు. గని వల్ల చెరువు పాడైన ఊరికి, ఆ గని డబ్బుతో డాక్టరు రావాలి. ఈ నిధి ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, అందులో భవనాలకెంత, మనుషులకెంత అన్న వివరం మీద పార్టీలు పోట్లాడితే ఆ పోట్లాట వల్ల జనానికి మేలు జరుగుతుంది.

నగదు

సుభద్ర పథకాన్ని 2024 సెప్టెంబరు 17న ప్రధాని భువనేశ్వర్‌లో ప్రారంభించారు. 21 నుంచి 60 ఏళ్ల ఆడవాళ్లకు ఐదేళ్లలో 50 వేల రూపాయలు. మొత్తం ఖర్చు 55,825 కోట్లని ప్రభుత్వం అంచనా వేసింది. ఏడాదికి రెండు విడతల్లో 10 వేలు, అంటే నెలకు 833 రూపాయలు. ఎన్నికల ముందు ఉచితాలను ‘రేవ్డీ సంస్కృతి’ (మిఠాయిలు పంచే సంస్కృతి) అని 2022లో తిట్టింది ప్రధానే. ఈ వైరుధ్యాన్ని బీజేడీ ఎత్తిచూపుతుంది. అదే బీజేడీ 2024 ఎన్నికల్లో వంద యూనిట్ల ఉచిత కరెంటు హామీ ఇచ్చింది. మహారాష్ట్రలో అదే ఏడాది వచ్చిన ఆడవాళ్లకు నెలకు 1,500 రూపాయలిచ్చే లాడ్కీ బహీణ్ పథకం కథా ఇదే.

ఆడవాళ్ల చేతికి నగదు రావడం చెడ్డ పని కాదు. ఇంటి ఖర్చులో ఆమె మాటకు బలం వస్తుంది. దీన్ని ‘ఉచితం’ అని చులకన చేయడం సరికాదు. అడగాల్సింది వేరే ఉంది. ఈ 55 వేల కోట్లు కేటాయించిన ప్రభుత్వమే ప్రసూతి వైద్యుల పోస్టులకు, రక్తనిధి కేంద్రాలకు, రాత్రిపూట కొండ మీదకు రాగలిగే అంబులెన్సుకు ఎంత కేటాయించింది? నెలకు 833 రూపాయలతో ఏ తల్లీ ప్రసవానికి మత్తు డాక్టరును కొనుక్కోలేదు. కొన్ని పనులు సర్కారు చేస్తేనే జరుగుతాయి.

వరి విషయం క్లుప్తంగా. 2024-25లో ఒడిశా మద్దతు ధర మీద 800 కలిపి క్వింటాలుకు 3,100 ఇచ్చింది. వంశధార ఒడ్డున కాశీనగర్ వైపు రైతుకు ఇది పెద్ద ఊరట. ఏటికి ఇవతల ఆంధ్రలో అదే ధాన్యానికి మద్దతు ధరే దిక్కు. భూమి కాగితం ఒకరిది, చేను మరొకరిదైన కౌలు రైతుకు ఈ 800 అందుతుందా అన్నది ఇరువైపులా ఒకేలా మిగిలిన ప్రశ్న.

ఓటున్న చోటికే

కొరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకులోని కొఠియా గ్రామాల గురించి రెండు రాష్ట్రాలూ దశాబ్దాలుగా కోర్టుల్లో పోరాడుతున్నాయి. వివాదంలో ఉన్నవి 21 ఊళ్లు. అక్కడికి సాలూరు వైపు నుంచి ఆంధ్ర అధికారులు, పొట్టంగి వైపు నుంచి ఒడిశా అధికారులు పోటీపడి వెళతారు. రేషను, పింఛను, బడి, ఆరోగ్య శిబిరం అన్నీ రెండేసి. రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్న ఇళ్లు అక్కడున్నాయి. ప్రభుత్వాలకు పట్టుదల వస్తే కొండ మీదకు కూడా సేవలు ఎక్కగలవని కొఠియా రుజువు చేస్తోంది. హద్దు తగాదా లేని పక్క పంచాయతీలకు ఆ పట్టుదలలో పావు వంతు కూడా అందడం లేదు.

మహారాష్ట్ర సరిహద్దులో సిరోంచ తెలుగువారిదీ ఇలాంటి స్థితే. జిల్లా కేంద్రం గడ్చిరోలి అడవి దాటి చాలా దూరం, గోదావరి దాటితే తెలంగాణ దగ్గర. పెద్ద జబ్బు వస్తే వరంగల్ వైపే చూస్తారు. 2012లో మహారాష్ట్ర తన ఆరోగ్య పథకాన్ని తొలి విడతగా మొదలుపెట్టిన ఎనిమిది జిల్లాల్లో గడ్చిరోలి ఒకటి. పథకం అందరికంటే ముందే వచ్చింది, ఆసుపత్రి దగ్గరికి రాలేదు.

దక్షిణ ఒడిశాకు విశాఖతో ఉన్న బంధం రాష్ట్ర సరిహద్దు కంటే పాతది. అక్కడి కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) 1923లో మొదలైంది. గంజాం, కొరాపుట్ ప్రాంతాలను మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడదీసి ఒడిశా ప్రావిన్సు ఏర్పరిచింది 1936 ఏప్రిల్ 1న. గీత గీసినా రోగి నడక మారలేదు. రాయగడ, గుణుపురం, జయపురం నుంచి కేజీహెచ్‌కు ఇప్పటికీ వస్తూనే ఉన్నారు. అటు ఇచ్ఛాపురం మనిషి బరంపురం మెడికల్‌కు వెళుతున్నాడు. ఈ రాకపోకలను లెక్కలోకి తీసుకుని రెండు ప్రభుత్వాలు కలిసి చేసుకున్న ఏర్పాటు చెప్పుకోదగ్గదేదీ లేదు.

అందుకే ఆంధ్రలో ఇప్పుడు నడుస్తున్న మెడికల్ కాలేజీల వివాదం రాయగడకూ సొంత వివాదమే. జగన్ ప్రభుత్వం తలపెట్టిన 17 కొత్త కాలేజీల్లో పదింటిని ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో పూర్తిచేయాలని చంద్రబాబు ప్రభుత్వం నిర్ణయించింది. ఆ పదింటిలో పార్వతీపురం ఉంది. పేదల వైద్యాన్ని అమ్ముకుంటున్నారని వైసీపీ సంతకాల ఉద్యమం నడిపింది. పునాదుల దగ్గరే ఆగిపోయిన కాలేజీలను త్వరగా పూర్తిచేయడానికే ఈ దారి అని తెలుగుదేశం అంటోంది. ఎవరు కట్టినా రాయగడ నుంచి అన్నిటికంటే దగ్గరగా ఉండే పెద్దాసుపత్రి అదే అవుతుంది. ప్రైవేటు భాగస్వామితో రాసుకునే ఒప్పందంలో ఉచిత పడకలు ఆంధ్ర కార్డులకేనా, ఒడిశా నుంచి ఆయుష్మాన్ కార్డుతో వచ్చే గిరిజన గర్భిణికి కూడా వర్తిస్తాయా అన్న షరతు ముందే రాయించుకోవాలి. పనులు మొదలయ్యాక మార్చడం కష్టం. ఆ మాట అమరావతికి చేర్చాల్సింది భువనేశ్వర్ ప్రభుత్వం. రెండుచోట్లా అధికారంలో ఉన్నది ఒకే జాతీయ కూటమి కనుక, ఉత్తరం రాయడానికి రాజకీయ అడ్డంకి కూడా లేదు.